నలభై ఒకటో సాలు

ఆ పొద్దున ఆకాశం ఏ సంగతీ తేల్చుకోలేకపోయింది. తూర్పున కాస్త తెల్లబడింది, మళ్ళీ మసకబారింది. ఎండా రాలేదు, వానా రాలేదు. మబ్బు పొలం మీదికి వంగి, రాత్రి కురిసిన మంచును ఆకుల మీద ఆరనివ్వకుండా అలాగే కూర్చుంది. రైతు ఎవడైనా అలాంటి పొద్దును తిట్టుకుంటాడు. మేము మాత్రం సంతోషించాలి. గోధుమకు తుప్పు తెగులు రావాలి, బాగా రావాలి, వచ్చి ఊరుకోకుండా పక్క మొక్కకు అంటుకోవాలి. మమ్మల్ని పెట్టుకున్నది అందుకే.

పరిశోధన క్షేత్రంలో తెగులు మడి మాది. మిగతా పొలాలకు దూరంగా, ఉత్తరపు అంచున ఉంటుంది. నూట ఇరవై సాళ్ళు, ఒక్కో సాలులో ఒక్కో రకం. సాళ్ళ తలలకు అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక పాత రకం వేస్తాం. దానికి తెగులంటే ప్రాణం. గాలి ఇలా వీస్తే చాలు, అలా తెచ్చుకుంటుంది. దాని నుంచి మిగతా వాటికి అంటుతుంది. ట్రాక్టరు తోలే మా బావమరిది దానికి రోగిష్టి అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆఫీసు కాగితాల్లో తప్ప అందరి నోటా అదే పేరు.

తెగులు సోకిన ఆకుల నుంచి దులిపిన పొడిని నీళ్ళలో కలిపి, పొద్దువాలే వేళ పంపుతో కొడతాం. తెల్లారేదాకా పట్టా కప్పి ఉంచుతాం. పది పన్నెండు రోజులకు ఆకుల మీద పొక్కులు లేచి, పగిలి, ఇటుకపొడి లాంటిది రాలుతుంది. ఎవరి ప్యాంటు చూసినా మోకాళ్ళ దాకా అదే రంగు. ఏ సాలుకు పొక్కులు రాలేదో అది పనికొచ్చే రకం. చెప్పడానికి ఇంతే. అలాంటి రకం ఒక్కటి కోసం మా డాక్టరమ్మ పదకొండేళ్ళుగా వంగి వంగి చూస్తోంది.

డాక్టరమ్మ అంటే మందులిచ్చే డాక్టరు కాదు. గోధుమ రకాలు కట్టే శాస్త్రవేత్త. ఆమె కొత్తగా వచ్చిన రోజుల్లో కలుపు తీసే ముసలావిడ ఒకామె మోకాలు చూపించి నొప్పికి మందడిగితే, "నాకు రోగం తెప్పించడమే వచ్చు పెద్దమ్మా, తగ్గించడం ఇంకా నేర్చుకుంటున్నా" అందట. అప్పటి నుంచి అందరికీ డాక్టరమ్మే.

ఆ పొద్దున ఆమె పలక లాంటి అట్ట పట్టుకుని సాళ్ళకు మార్కులు వేస్తూ వస్తోంది. నేను పక్క గట్టు మీద నీటి కాలువ సరిచేస్తున్నాను. ముప్పై తొమ్మిది, నలభై అనుకుంటూ వచ్చిన మనిషి ఒక్కసారి ఆగి, కూర్చుండిపోయింది. చాలాసేపు లేవలేదు. మళ్ళీ లేచి వెనక్కి వెళ్ళి, సాలు మొదట్లో ఉన్న చీటీ చదివి, తిరిగి వచ్చి కూర్చుంది.

"అన్నా, ఒకసారి ఇటు రండి," అంది. 

వెళ్ళాను. నలభయ్యో సాలు నిప్పు తగిలినట్టుంది. నలభై రెండు కూడా మచ్చలు పడి ఉంది. మధ్యలో నలభై ఒకటి, తలంటి పోసుకుని వచ్చినట్టు పచ్చగా నిలబడింది. ఆమె కంకి కిందే ఉండే పోటాకు తిప్పింది, కింది ఆకు తిప్పింది. ఎక్కడా పొక్కు లేదు. బొటనవేలితో గట్టిగా రుద్ది చూసింది. వేలికి మంచు తప్ప ఏమీ అంటలేదు.

"మీ ఆవిడను పిలవండి," అంది.

ఎందుకంటే ఆ సాలుకు పెళ్ళి చేసింది నా భార్యే. తొమ్మిదేళ్ళ కిందట, ఒక పొట్టి రకం కంకిని తల్లిగా పెట్టుకుని, ఒక్కో పువ్వులో నువ్వు గింజంత ఉండే మూడేసి మగ తిత్తుల్ని చిన్న పట్కారుతో లాగేసి, బటర్ పేపరు సంచి తొడిగి, మూడో రోజున కొండల నుంచి తెచ్చిన గడ్డి లాంటి గోధుమ పుప్పొడిని దాని మీద దులిపింది. పదకొండు గింజలు పట్టాయి. ఆ పదకొండింటి మనవల మనవలు ఇప్పుడు నలభై ఒకటో సాలు. పోయినేడు కూడా ఇది మడిలో ఉంది కానీ, ఆ ఏడు మంచు లేక తెగులు దేనికీ సరిగా రాలేదు. పరీక్ష అంటే ఈ ఏడే.

నా భార్య వచ్చింది. చూసింది. పైట చెంగుతో చేతులు తుడుచుకుని ఒక ఆకు పట్టుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పింది. వెనకాలే వచ్చిన బావమరిది, "అక్క చేసిన పెళ్ళిళ్ళలో నిలబడ్డది ఇదొక్కటే. మీది కూడా కలిపి చెబుతున్నా బావా," అన్నాడు. డాక్టరమ్మ నవ్వింది. నా భార్య కూడా నవ్వింది. ఆమె అలా పళ్ళు కనపడేలా నవ్వి చాలా రోజులైంది.

నేనూ నవ్వబోయాను. అప్పుడే నా కళ్ళు సాలు తల మీద పడ్డాయి.

అక్కడ రోగిష్టి ఉంది. ఈ చివరా ఆ చివరా ఆకు ఆకుకూ ఇటుకపొడి కక్కుతూ ఉంది. నలభై ఒకటో సాలుకు ఎదురుగా మాత్రం, గజం మేర, పచ్చగా ఉంది.

నలభై ఒకటి బాగుండటం వేరు. రోగిష్టి బాగుండటం వేరు. అది బాగుందంటే అక్కడికి తెగులు చేరలేదని, లేదా చేరినది చచ్చిందని. డాక్టరమ్మ చూపు అంకెలున్న సాళ్ళ మీదే ఉంటుంది. రోగిష్టిని ఎవరు చూస్తారు? అది చెడిపోవడానికే ఉన్నది కదా.

నా కాళ్ళ కింద బురద చల్లగా తగిలింది. నీళ్ళు కాలువ దాటి పారుతున్నాయి. వెళ్ళి పార అందుకున్నాను.

మాకు రెండు పంపులు. ఒకటి ఎర్రగుడ్డ కట్టినది, దానితో తెగులు కొడతాం. రెండోది నీలంగుడ్డ కట్టినది, దానితో విత్తనపు మళ్ళకు తెగులు రాకుండా మందు కొడతాం. ఒకటి రోగం, ఒకటి మందు. ఒకదాని పని రెండోదానికి చెప్పకూడదు. చేరిన మొదటి రోజు నేర్పేది ఇదే. పదహారేళ్ళుగా కొత్తవాళ్ళకు నేర్పేది నేనే.

నెల కిందట తెగులు కొట్టిన సాయంత్రం, నలభయ్యో సాలు చివరికి వచ్చేసరికి ఎర్రపంపు నాజిల్ పూడుకుపోయింది. ఊదాను, సూదితో పొడిచాను, రాలేదు. కలిపిన తెగులు నీళ్ళు బిందెలో ఉన్నాయి. గంట దాటితే ఆ పొడిలో ప్రాణం ఉండదు. పొద్దు గుంకుతోంది. కొట్టుగది దగ్గర నీలంపంపు కనిపించింది. రెండు రోజుల ముందు దానితో విత్తనపు మడికి మందు కొట్టారు. ట్యాంకులో నీళ్ళు పోసి మూడుసార్లు కలియదిప్పి పారబోశాను. వాసన చూశాను. వాసన లేదు. తెగులు నీళ్ళు పోసి నలభై ఒకటి నుంచి అందుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. దాచాలనీ కాదు. ఎవరూ అడగలేదు, నేను అడగకుండా చెప్పే మనిషిని కాను. "బావ నోట మాట వినాలంటే ముందు రోజే చీటీ రాసి పెట్టుకోవాలి" అని బావమరిది అంటూనే ఉంటాడు.

ఆ రోజంతా ఏ పనీ చేతికి రాలేదు. పార గట్టు మీద వదిలి వెళ్ళాను, మళ్ళీ దానికోసం వెనక్కి వచ్చాను. ట్రాక్టరుకు నీళ్ళు పోయమంటే డీజిలు డబ్బా పట్టుకెళ్ళాను. నాలుగుసార్లు మడి దాకా పోయాను. ఐదోసారి అడుగులు కొలిచాను. రోగిష్టి పచ్చదనం అడుగున్నర ఇటు, అడుగున్నర అటు. నలభై రెండో సాలుకు మచ్చలు పలుచగా ఉన్నాయి, నలభై మూడుకు కాస్త ఎక్కువ, నలభై ఐదు దాటాక అన్నీ ఒకటే. ఎవరో చేత్తో గీసి చూపించినట్టుంది.

మధ్యాహ్నం ఆఫీసు ముందు నుంచి వెళ్తుంటే డాక్టరమ్మ ఫోన్లో మాట్లాడుతోంది. రైతుల పొలాల్లో వేసి చూసే రకాల జాబితా పదిహేను రోజుల్లో పైకి పంపాలి. దానిలో మొదటి పేరు నలభై ఒకటి అని చెబుతోంది. ఒకసారి రైతుల చేతికి పోయాక అది ఎన్ని ఊళ్ళు తిరుగుతుందో నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు సొంత చేలో గోధుమ వేసినవాణ్ణే. తుప్పు పట్టిన ఏడు, నూర్పిడి చేస్తే గింజలు పొట్టుతో పాటు గాలికి ఎగిరిపోయాయి. ఆ ఏడే ఇక్కడ పనికి చేరాను.

సాయంత్రం ఇంట్లో నా భార్య హుషారుగా ఉంది. గిన్నెలు తోముతూ మాట్లాడుతూనే ఉంది. డాక్టరమ్మ కొత్త రకానికి ఏం పేరు పెడుతుందో, చీటీ మీద పెళ్ళి చేసిన చేతి పేరు కూడా రాస్తారో లేదో.

"ఏమయ్యా, వింటున్నావా?"

"ఊఁ."

"ఏంటా తిరగడం? వాకిట్లోకీ ఇంట్లోకీ పదిసార్లు తిరిగావు. కాళ్ళల్లో ముల్లు గుచ్చుకుందా?"

కూర్చున్నాను. మళ్ళీ లేచాను.

"ఆ రోజు ఎర్రపంపు చెడిపోయింది," అన్నాను.

"ఏ రోజు?"

"తెగులు కొట్టిన రోజు. నలభై దగ్గర."

ఆమె చేతిలో గిన్నె ఆగింది. నా భార్యకు ఎక్కువ చెప్పనక్కర్లేదు.

"మరి దేనితో కొట్టావు?"

"నీలంపంపుతో."

"కడగలేదా?"

"కడిగాను. మూడుసార్లు."

"ఏం కడిగావు?"

"ట్యాంకు."

"గొట్టం?"

 గొట్టంలో, కడ్డీలో గ్లాసెడు మందు నిలిచి ఉంటుంది. నీళ్ళు పోసి పంపు కొట్టి బయటికి తోలితే తప్ప పోదు. అది కూడా నేనే అందరికీ నేర్పుతాను. ఆ గ్లాసెడు మందు మొదట ఎక్కడ పడుతుంది? మొదలుపెట్టిన చోట.

ఆమె గిన్నె బోర్లించింది. ఇంకో గిన్నె అందుకుంది. దాన్ని తోమిందే తోమింది.

"అయితే నలభై ఒకటి మంచిది కాదంటావా?"

"ఏమో. మంచిదే కావచ్చు. తెలీదు. అసలు దానికి తెగులు తగల్లేదు."

"తెలీదంటే మంచిదే అనుకోవచ్చుగా."

"అనుకోవచ్చు."

"డాక్టరమ్మ చూడలేదు. తమ్ముడు చూడలేదు. నీకొక్కడికే ఎందుకు కనపడాలి?" అంది. కోపం నా మీదో, నా కళ్ళ మీదో తెలియలేదు. "తొమ్మిదేళ్ళయ్యా. ఆ సంచి తొడిగిన నాడు నాకు జ్వరం. గుర్తుందా నీకు?"

"ఉంది."

ఆమె చేతులు కడుక్కుని, చాలాసేపు తుడుచుకుంది. తర్వాత, "నాకు చెప్పి ఏం లాభం? నేను గోధుమను పంపిస్తానా, ఆపుతానా? ఆమెకు చెప్పు," అంది. అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆఫీసు తలుపు దగ్గర నిలబడ్డాను. డాక్టరమ్మ తలెత్తి, "చెప్పండి అన్నా," అని మళ్ళీ కాగితాల్లోకి చూసింది. నేను చెప్పకపోయేసరికి మళ్ళీ తలెత్తింది.

"ఒకసారి మడి దాకా రండమ్మా."

 నలభై ఒకటి తల దగ్గరకు తీసుకెళ్ళి రోగిష్టిని చూపించాను. ఆమెకు అర్థం కావడానికి ఆవలింతంత సమయం కూడా పట్టలేదు.  మోకాళ్ళ మీద కూర్చుని ఆ పచ్చని ఆకుల్ని ఒక్కొక్కటే వేళ్ళతో దువ్వింది.

"ఇక్కడే కూర్చున్నాను నేను," అంది. "దీన్ని తోసుకుని కూర్చున్నాను."

అప్పుడు పంపు సంగతి చెప్పాను. నాజిల్, పొద్దు, ట్యాంకు, గొట్టం. నా జీవితంలో ఒక్క ఊపున అన్ని మాటలు చెప్పింది అదే అనుకుంటాను. ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. వేసి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"ఎన్ని రోజులైంది?"

"ఈ రోజుకు ముప్పై మూడు."

"మందు బలం తీరిపోయి ఉంటుంది. వెనక వచ్చిన పిలకలు ఇంకా లేతగానే ఉన్నాయి." ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఈ సాయంత్రమే కొడదాం. పన్నెండు రోజులు. జాబితాకు ఇంకా రెండు రోజులు మిగులుతాయి." లేచి మోకాళ్ళు దులుపుకుంది. "రోగిష్టికీ కొడదాం, దీనికీ కొడదాం. ఒకే పంపు, ఒకే నీళ్ళు. దానికి వచ్చి దీనికి రాకపోతే నలభై ఒకటి గెలిచినట్టే."

"ఎవరితో కొట్టించమంటారు?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "మీరే కొట్టండి," అంది.

సాయంత్రం ఎర్రపంపు ముక్క ముక్క విప్పి కడిగాను. గొట్టంలో నీళ్ళు తోలి తోలి చెయ్యి పీకింది. తెగులు నీళ్ళు కలిపి భుజానికెత్తుకున్నాను. డాక్టరమ్మ, నా భార్య, బావమరిది గట్టు మీద నిలబడ్డారు.

"మన క్షేత్రం పెట్టాక ఒక మొక్కకు జబ్బు రాకూడదని అందరూ మొక్కుకోవడం ఇదే మొదటిసారి," అన్నాడు బావమరిది.

"నువ్వు నోరు మూసుకోరా," అంది వాళ్ళక్క.

రోగిష్టికి నిదానంగా కొట్టాను. ఆకు అడుగు కూడా తడిసింది. నలభై ఒకటి దగ్గరకు వచ్చాక నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. కడ్డీ ఆకులకు జానెడు దూరంగా ఉండాలి. మూరెడు పైన ఉంది. అడుగులు కూడా చురుగ్గా పడుతున్నాయి. నాకు తెలుస్తూనే ఉంది, కానీ చెయ్యి దిగడం లేదు. సాలు చివరికి చేరి పంపు దించబోయాను.

"ఏమయ్యా," అంది నా భార్య గట్టు మీద నుంచి. "సరిగా తడవలేదు. ఇంకోసారి కొట్టు."

వెనక్కి తిరిగి ఇంకోసారి కొట్టాను. ఈసారి జానెడు దూరంలో. నీళ్ళు ఆకుల కొసల నుంచి బొట్లు బొట్లుగా కారాయి. ఆమె గట్టు దిగి వచ్చి పట్టాకు ఒక కొస పట్టుకుంది. నేను రెండో కొస పట్టుకున్నాను. కప్పాం.

తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. డాక్టరమ్మ రోజుకు రెండుసార్లు వచ్చేది, ఏమీ ఉండదని తెలిసీ. పన్నెండు రోజుల లోపల తేలదని పాఠం చెప్పే మనిషే పొద్దున చూసి, సాయంత్రం చూసి, మధ్యలో భూతద్దం మరిచిపోయానని ఇంకోసారి వచ్చేది. నా భార్య కోతకు ముందు చేసే కంకుల ఎంపికలో కూర్చుని, చీటీలు రాస్తూ ఒకే అంకె రెండుసార్లు రాసింది. నేను రెండు పంపుల గుడ్డలూ విప్పి కొత్తవి కట్టాను. తర్వాత ముడి నచ్చక మళ్ళీ కట్టాను. ఇంట్లో మేమిద్దరం పాలు, నీళ్ళు, తలుపు, తాళం అంటూ మాట్లాడుకున్నాం. గోధుమ ఊసెత్తలేదు.

తొమ్మిదో రోజు రోగిష్టి మీద రంగు వెలిసిన చుక్కలు కనిపించాయి. గుండుసూది మొన అంత. పదో రోజు నలభై ఒకటి మీద కూడా కనిపించాయి.

బావమరిది మొహం వేలాడేశాడు. "అయిపోయిందా?"

"అవలేదు," అంది డాక్టరమ్మ. భూతద్దం కంటికి ఆనించే ఉంది. "తెగులు లోపలికి దూరడం దూరింది. మొక్కకు సత్తువుంటే దూరిన చోటే చంపేస్తుంది. చుక్క చుక్కగానే ఎండిపోతుంది. లేకపోతే పొక్కు లేచి పగులుతుంది. రెండు రోజులు ఆగాలి."

ఆ రెండు రోజులూ మబ్బు విడవలేదు. పదకొండో రోజు చుక్కలు చుక్కలుగానే ఉన్నాయి. వాటి చుట్టూ ఆకు కొద్దిగా ఎండినట్టు కూడా అనిపించింది. నా భార్య ఆ సాయంత్రం ఇంటికి వస్తూ, దారిలో ఉన్నట్టుండి, "ఎండినట్టుంది కదా?" అంది. "అనిపించింది," అన్నాను. ఇంటి దాకా వేగంగా నడిచింది. నేను అందుకోలేకపోయాను.

పన్నెండో రోజు నేను అందరికన్నా ముందు మడికి వెళ్ళాను. చూసి, గట్టు మీద కూర్చున్నాను. ఆ తర్వాత వచ్చిన నా భార్య నా మొహం చూసి మడిలోకి దిగలేదు. నా పక్కన కూర్చుంది.

డాక్టరమ్మ వచ్చి బాగా వంగి చూసింది. లేత పిలకల మీద పొక్కులు పగిలాయి. ఒకటీ రెండూ కాదు, పోటాకు మొత్తం. ఆమె బొటనవేలితో రుద్దింది. ఇటుకరంగు వేలి గీతల్లోకి ఎక్కింది. రోగిష్టి ఆకు ఒకటి తెంపి, నలభై ఒకటి ఆకు ఒకటి తెంపి, రెండూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది. ఏది ఏదో నాకు తెలియలేదు.

"రెంటికీ ఒకేలా వచ్చింది," అంది.

అట్ట మీద జాబితా తీసి, మొదటి పేరు మీద గీత గీసింది. గీత మరీ తిన్నగా వచ్చింది. కింద తేదీ వేసింది. 

"పీకేయమంటారా?" అన్నాను.

"వద్దు. కోత దాకా ఉండనివ్వండి. దిగుబడి రాసుకోవాలి." అట్ట చంకన పెట్టుకుని అంది, "అన్నా, ఆ రోజు మీరు చెప్పకపోయి ఉంటే..."  

మధ్యాహ్నం దాకా ఎవరి పని వాళ్ళు చేశాం. నలభై రెండు నుంచి నూట ఇరవై దాకా ఆమె మళ్ళీ మార్కులు వేసింది. నేను అట్ట మోశాను. ఈసారి ప్రతి సాలు దగ్గరా ముందు రోగిష్టిని చూసి, ఆ తర్వాతే సాలు చూసింది. తెగులుకు నిలబడ్డ సాలు ఒక్కటీ కనపడలేదు.

కొట్టుగది నీడలో నా భార్య మూట విప్పింది. రొట్టెలు, కూర, ఉల్లిపాయలు. బావమరిది బొక్కెనతో నీళ్ళు తెచ్చి పెట్టాడు. డాక్టరమ్మ గుమ్మం దగ్గర ఆగి, చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని వచ్చి గోనెపట్టా మీద కూర్చుంది. ఎంత తోమినా ఆమె బొటనవేలు ఇటుకరంగు వదల్లేదు. తన డబ్బా తెరిచి మధ్యలో పెట్టింది. నా భార్య రెండు రొట్టెలు తీసి ఆమె ముందు వేసింది, కూర గిన్నె అటు జరిపింది.  ఉల్లిపాయ చితక్కొట్టి నాలుగు ముక్కలు చేశాను. తలా ఒకటి తీసుకున్నారు. తిన్నాం.